టైపక్క కంప్యూటర్ గోల

మా వీధిలో అందరూ ఆమెని టైపక్క అనే పిలుస్తారు. పుస్తకాలూ థీసిస్‌లూ టైపు చేయడం ఆమె బతుకుతెరువు. తండ్రి పోయాక తల్లినీ తమ్ముణ్ణీ ఆ వేళ్ళతోనే ఒడ్డున పడేసింది. తమ్ముడు కంప్యూటర్ మెకానిక్ అయ్యాడు. ఊరందరి మిషన్లూ బాగుచేస్తాడు, అక్క మిషన్ మాత్రం ముట్టుకోడు.

దాని పవర్ సప్లై డబ్బాలో ఫ్యాన్ పిండిమరలా మోగేది. ప్రూఫులు దిద్దడానికి వెళ్ళే నాకు కాసేపటికే తల దిమ్మెక్కిపోయేది. "కాస్త చూడరా" అని టైపక్క ఎన్నిసార్లు బతిమాలిందో. "పాత డబ్బా అంతేలే అక్కా. కదిపితే మొత్తం పోతుంది" అనేవాడు. మెకానిక్ మాట కదా, నమ్మింది. నాకైతే ఒళ్ళు మండేది.

ఇంతలో తమ్ముడు వేరే ఇల్లు చూశాడు. అందరం కలిసి మారదామన్నాడు. టైపక్క సంబరం చూడాలి. టేబుల్ కిటికీ పక్కన వెయ్యాలా, గోడ వైపు వెయ్యాలా అని నా ప్రాణం తోడేసింది. కొత్త ఇంట్లో తన మిషన్ గోల ఎవరికీ ఇబ్బంది కాకూడదని, తమ్ముడికి చెప్పకుండా పక్క వీధి మెకానిక్‌ని పిలిపించింది.

"ప్లగ్గు పీకినా ఇందులో కరెంటు మిగిలే ఉంటుందమ్మా, చెయ్యి పెట్టకండి" అని అతను మమ్మల్ని దూరం జరిపి డబ్బా విప్పాడు. లోపలంతా దుమ్ము. ఫ్యాన్ బేరింగు అరిగిపోయింది. దుమ్ము దులిపి, నెమ్మదిగా తిరుగుతూనే సరిపడా గాలి తోసే ఫ్యాన్ పెట్టి, స్క్రూల కింద రబ్బరు వాషర్లు వేశాడు. స్విచ్ వేస్తే చప్పుడే లేదు. టైపక్క నమ్మలేక వెనక చెయ్యి పెట్టి చూసింది. గాలి వస్తోంది.

"ఇంతేనా బాబూ?"

"ఇంతేనమ్మా. మీ తమ్ముడు రోజూ చేసే పనేగా."

టైపక్క మొహం చిన్నబోయింది. "వాడికి తీరిక దొరకలేదులే" అంది, నాతోనో తనతోనో.

అతను వెళ్ళిపోయాక ఇద్దరం తెర మీద పేజీలు చూసుకుంటూ కూర్చున్నాం. బయటికెళ్ళిన తల్లీ తమ్ముడూ వెనక గుమ్మంలోంచి వచ్చినట్టున్నారు. చెక్క అడ్డుగోడ అవతల తల్లి గొంతు వినిపించింది.

"మిషన్ ఆగింది, అది బయటికెళ్ళినట్టుంది. ఇంతకీ దానికెప్పుడు చెబుతావురా?"

"సామాను కట్టే ముందు. ఆ గోల కొత్త ఇంటి పక్కవాళ్ళు పడరు, నువ్వెక్కడైనా గది చూసుకో అంటాను. ఆ మిషన్ బాగుచెయ్యకుండా ఉంచింది అందుకేగా."

"ఏడుస్తుందేమోరా."

"ఏడవదు. తనదే తప్పనుకుని వెళ్ళిపోతుంది. అక్క సంగతి నీకు తెలీదా?"

"సరే, నేనున్నప్పుడు మాత్రం చెప్పకు."

లేచి వెళ్ళి ఇద్దరినీ కడిగిపారెయ్యాలనిపించింది. టైపక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. కన్నతల్లీ, చేతుల మీద పెంచిన తమ్ముడూ కలిసి ఇంత మోసం చేస్తే, ఏడుపు కూడా వెంటనే రాదు కాబోలు.

గోడ వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే అంది.

"గోల తగ్గిపోయిందిరా తమ్ముడూ. ఇప్పుడేం చెబుతావో చెప్పు. అమ్మ కూడా అక్కడే ఉందిగా."