ఆకువక్కలో సింధూరం

ఈ మాట గొంతులో పెట్టుకుని బతకడం ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోనిలో మా నాటక సమాజానికి ఒకప్పుడు రాజపార్టు నేనే. ఒక చలికాలం గొంతు జీరపోయింది, మళ్ళీ బాగుపడలేదు. నా కిరీటం ఈరన్నకు పెట్టి, నన్ను రంగులు పూయమన్నారు. అన్నా అన్నా అంటూ పసిబిడ్డలా ముఖం నా చేతికి అప్పగించేవాడు. నేను తెరవెనక కూర్చుని, అతని పద్యానికి జనం వన్స్‌మోర్ కొడుతుంటే వినేవాణ్ణి. కడుపు మండేది. అంతే.

పాడేవాడికి సింధూరం తినిపిస్తే గొంతు పోతుందని మా నాటకాలవాళ్ళ నమ్మకం. నీ గొంతూ అలాగే పోగొట్టారని ఎవరో అన్నారు. ఈరన్నే చేశాడని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? నమ్మడం నాకు అవసరమైంది.

సుంకమ్మ మా సమాజంలో ఆడవేషాలు వేసేది, ఈరన్నతో కాపురం ఉండేది. అతని కోసం ఆకువక్క మడిచి నా రంగుల పెట్టె పక్కన పెట్టి, చీర మార్చుకోవడానికి పోయేది. నేను ఆ మడుపు విప్పి చిటికెడు సింధూరం వేసి మళ్ళీ మడిచేవాణ్ణి. ఎరుపులో ఎరుపు, ఎవరికి తెలుస్తుంది? ఊళ్ళు తిరిగాం. అతని గొంతు ఖంగుమంటూనే ఉంది. ఎమ్మిగనూరులో ఓపిక చచ్చి, ముఖాలకు పసుపు రంగు కోసం నూరే అర్దళం కూడా కలిపాను. అది విషమని రంగులు పూసే ఎవడికైనా తెలుసు. గొంతు మాత్రమే పోవాలనుకున్నానని ఇన్నేళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నాను. గొంతు ఒక్కటే పోవాలంటే అర్దళం ఎందుకయ్యా అని నన్ను ఎవరూ అడగలేదు.

ఈరన్న నాటకం పూర్తి చేశాడు. తెల్లవారేసరికి వాంతులు పట్టుకున్నాయి, మధ్యాహ్నానికి పోయాడు. అందరూ కలరా అనుకున్నారు. డాక్టరు విషమన్నాడు. ఆకు మడిచింది సుంకమ్మ. పోలీసులు తీసుకుపోయే ముందు ఆమె నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఆకు నీ పక్కనే పెట్టి పోయినా గదా. నేను పోయినంక ఆడికి ఎవరన్నా వచ్చినారా? నువ్వు సెప్తే నమ్ముతారు.”

“ఎవురూ రాలేదమ్మా” అన్నాను.

అబద్ధం కాదు. నిజంగానే ఎవరూ రాలేదు. కోర్టులోనూ అదే చెప్పాను. ఆమెకు యావజ్జీవం పడింది.

జైలు నుంచి కబురు పంపింది. ఈరన్నకు నా అన్నవాళ్ళు లేరు, ఏటా ఆ దినాన సమాధి దగ్గర ఇంత కూడు పెట్టమని. ఇంకెవరినో కాదు, నన్నే అడిగింది. నా మీద ఆమెకు అనుమానమే రాలేదు. ఏ ఏడూ మానకుండా పెడుతున్నాను. ఆమె జైల్లోనే పోయాక రెండు విస్తర్లు వేస్తున్నాను. ఎంత మంచివాడో అని ఊరు అనుకుంటోంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ మాట అనగలిగిన ఇద్దరూ లేరు. సుంకమ్మ చంపలేదు. నేను చంపాను. ఇది రాసేశాక, ఇన్నేళ్ళకు ఊపిరి ఆడుతోంది.