శుక్రవారం కవరు

నా పేరు యతిరాజులు. తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీ ఆఫీసులో ఇరవై మూడేళ్ళు తపాలా గుమస్తాగా చేశాను. వచ్చే కవరుకు ముద్ర, పోయే కవరుకు నంబరు, స్టాంపులు. ఇదీ నా ఉద్యోగం. ఇదేం పని అని మూతి విరిచేవాళ్ళు ఒక్కరోజు ఆ కిటికీ వెనక కూర్చుని చూడాలి, దూల తీరుతుంది. సరే, నా సంగతి కాదు ఇప్పుడు. లెక్కల లెక్చరర్ వేదవల్లి సంగతి చెప్పాలి.

ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఒక ఏడాదా, రెండేళ్ళా? తొమ్మిదేళ్ళు! ఏప్రిల్ ఆఖర్న తీసేశామని ఒక కాగితం, జూన్‌లో మళ్ళీ రమ్మని ఒక కాగితం. రెండూ నా చేతిమీదుగానే పోయేవి. ఆ రెండు నెలలూ జీతం ఉండదు. గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో ఆమె, వాళ్ళమ్మ పద్మాక్షమ్మ. తండ్రి గుడి సేవలో ఉండి చాలా ఏళ్ళ కిందటే పోయాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని స్టాఫ్‌రూములో ఎవరైనా కదిపితే, "పిల్లలకు పోర్షన్ ఇంకా అయిపోలేదు" అనేది. 

ఎనభై ఏడు వేసవిలో ఆమె సొంత ఖర్చుతో మద్రాసు పోయి ఎనిమిది వారాలు కంప్యూటర్ కోర్సు చదివి వచ్చింది. మా కాలేజీలో కంప్యూటర్ కాదు గదా, సరిగా పనిచేసే టైపు మిషనే ఒకటి లేదు. 'తా దూర కంత లేదు, మెడకో డోలు' అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె మాత్రం సాయంత్రం కాలేజీ వదిలాక, ఇష్టమున్న పిల్లలు ఉండండి అని కంప్యూటర్ క్లాసు మొదలుపెట్టింది. పద్నాలుగు మంది మిగిలారు. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ గదికి తాళం వేసి బీగాలు అప్పజెప్పే పని నా నెత్తిన పడింది.

ఒకరోజు ఎప్పటికి వదులుతుందో చూద్దామని గుమ్మం దాకా పోయాను. లోపల పిల్లలు బెంచీల మీద లేరు. ముగ్గురు గదిలో తలా ఒక మూల నిలబడి, పిడికిట్లో చీటీ పట్టుకుని ఉన్నారు. ఒకమ్మాయి హాస్టల్ మెస్సు. ఒకమ్మాయి హాజరు. నగరి నుంచి వచ్చిన సాలెవారి పిల్ల చౌడేశ్వరి బియ్యం బస్తా. రేపు ఎన్ని పడుల బియ్యం వండాలో మెస్సు తేల్చాలి. మెస్సు పోయి హాజరును అడుగుతుంది, ఎంతమంది అని. హాజరు తన చీటీ తను చూసుకుని నలభై రెండు అంటుంది. మెస్సు బియ్యాన్ని అడుగుతుంది, నలభై రెండు మందికి సరిపోతావా అని. ఎవరి చీటీ వాళ్ళదే, ఇంకొకరిది చూడకూడదు.

"మీ ఇండ్లల్లో మడి కట్టుకుంటారు గదా," అంది వేదవల్లి. "మా అమ్మ మడిలో ఉంటే నేను వంటింటి గడప తొక్కను. గడప ఇవతల నిలబడి 'అమ్మా, అన్నం' అంటాను. అన్నం వస్తాది. ఏ గిన్నెలో వండింది, ఎన్ని నీళ్ళు పోసింది, నాకెందుకు? అంతా ఒకే గిన్నెలో కలిపితే కలగాపులగమే. పెద్ద పనిని ముక్కలు చెయ్యాల. ముక్క ముక్కకీ ఒక గడప పెట్టాల. అడిగింది చెప్పాల, అడగంది చెప్పకూడదు. ఈ ముక్కల్నే కంప్యూటర్ వాళ్ళు ఆబ్జెక్టులు అంటా ఉండారు."

చౌడేశ్వరి చెయ్యెత్తింది. "మా మగ్గం కూడా అంతే మేడం. అంచు డిజైనుకు చిల్లుల అట్టలు కొట్టేవాడికి నెయ్యను రాదు. నేసే మా నాయనకు అట్ట కొట్టను రాదు. ఒకరి పని ఒకరికి తెలీదు, సీర మాత్రం వస్తాది."

"నీకు అర్థమయినట్టు మద్రాసులో పాఠం చెప్పిన ఆ సూటు వేసుకున్నాయనకు కూడా అర్థం కాలేదు!" అని వేదవల్లి పకపకా నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

తర్వాత వేదవల్లి హాజరు అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల అప్పటిదాకా పేర్లు లెక్కపెట్టేది, ఇప్పుడు కంచాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మళ్ళీ మెస్సు వచ్చి అడిగితే మళ్ళీ నలభై రెండే. "చూసినారా? లోపల పద్ధతి మారిపోయింది, మెస్సుకు తెలియనే లేదు. దీని గొప్పంతా అదే." అప్పుడే గుమ్మంలో నన్ను చూసింది. "ఇంకా అర్థం కాలేదంటే మన యతిరాజులు గారిని చూడండి. కవరు ఇస్తే నంబరు వేస్తారు, పంపిస్తారు. లోపల ఏముందో పొరపాటున కూడా చూడరు. ఇట్లాంటి మనిషి ఉండబట్టే ఈ కాలేజీ నడస్తా ఉండాది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నవ్వుకుంటారేమిటి, ఇరవై మూడేళ్ళలో నన్ను నలుగురి ముందు మెచ్చుకున్నది ఆమె ఒక్కతే. ఆరోజు నుంచి తాళం కోసం ఎంత పొద్దుపోయినా విసుక్కోలేదు.

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. టెంపరరీ లెక్చరర్లలో కంప్యూటర్ శిక్షణ ఉన్నవాళ్ళను పర్మనెంటు చేస్తారట. నలభై ఏళ్ళు నిండి ఉండకూడదు. శిక్షణ సర్టిఫికెట్టు ఒరిజినల్ జతచేయాలి. దరఖాస్తు అభ్యర్థులే కవరులో పెట్టి అంటించి ఆఫీసు ద్వారా పంపాలి. తపాలాలో వెయ్యడానికి గడువు సోమవారం. వేదవల్లికి జనవరికి నలభై నిండుతాయి. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. ఇది తప్పితే జన్మంతా ఏప్రిల్‌లో ఒక కాగితం, జూన్‌లో ఒక కాగితం. ఆ జూన్ కాగితమైనా వస్తుందని పూచీ ఏముంది?

బుధవారం ఆమె సర్టిఫికెట్టు నకలు మీద ప్రిన్సిపాల్ సంతకం కోసం వచ్చింది. ఒరిజినల్ నాకు చూపించింది. మడత పడకూడదని ముందొక అట్ట, వెనకొక అట్ట పెట్టి దారంతో కట్టింది. "ఇట్లానే పెట్టి పంపిస్తానండీ. దార్లో నలిగిపోతే కష్టం," అంది.

"మీకు రాకపోతే ఇంకెవరికొస్తాదమ్మా," అన్నాను నేను. మనస్ఫూర్తిగానే అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు కిటికీ దగ్గరికి వచ్చింది. తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఉంది. కవరుకు నాలుగు మూలలా పసుపు. "రాత్రంతా పెరుమాళ్ళ పటం దగ్గర పెట్టింది మా అమ్మ. పొద్దున పూజయినాక తనే అన్నం మెతుకులతో అంటించి ఇచ్చింది. ఏమీ అనుకోవద్దండీ, పసుపు అంటుకుంటాది," అని నవ్వింది.

కవరు చేతిలోకి తీసుకున్నాను. వంగింది.

అట్టలు పెట్టిన కవరు వంగదు. ఇరవై ఏళ్ళుగా కవర్లు తప్ప వేరే ఏమీ పట్టుకోని చేతులివి, వీటికి తెలియదా? లోపల గుప్పెడు గింజలు కూడా గలగలమన్నాయి, అక్షింతలు. అట్టలు లేవు. అట్టలు లేవంటే సర్టిఫికెట్టు లేకపోవచ్చు. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పడుతుంది? కళ్ళు మూసి తెరిచేంత. ఆమె నా ముందే నిలబడి ఉంది. 'అమ్మా, ఒకసారి విప్పి చూసుకోండి' అంటే అయిపోయేది. ఇంటికి పోయి రావడానికి పావుగంట. మూడింటికి గాని తపాలా సంచీ కట్టం.

నేను అనలేదు. బరువని అట్టలు తీసేసిందేమో అనుకున్నాను. లెక్కల మనిషి, ఆమెకు తెలియదా అనుకున్నాను. ఇవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్నవి. అసలు సంగతి ఏమిటంటే, లోపల ఏముందో చూడని మనిషినని పద్నాలుగు మంది ఆడపిల్లల ముందు పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఆమె ఎదుటే పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఎంత వెధవ బుద్ధో చూడండి.

"ఈరోజే పోతాదా?" అంది.

"పోతాదమ్మా," అన్నాను.

నంబరు వేశాను. రిజిస్టరు చేశాను. నా పనిలో ఒక్క తప్పు లేదు.

డిసెంబరులో జవాబు వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్టు జతపరచనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. రెండు లైన్లు. ఆ కవరుకు కూడా ముద్ర వేసి నేనే ఆమె చేతికిచ్చాను. చదివి, మళ్ళీ చదివి, ఇంటికి పోయింది.

సర్టిఫికెట్టు ఇంట్లోనే దొరికింది, పెరుమాళ్ళ పటం వెనకాల, అట్టలతో సహా. ఆ మాట ఆమే స్టాఫ్‌రూములో చెప్పింది. పద్మాక్షమ్మకు శుక్రవారం పూట ఇంట్లోంచి ఉప్పు కూడా బయటికి ఇచ్చే అలవాటు లేదు. అట్లాంటిది కూతురి చదువును, సాక్షాత్తూ సరస్వతిని, శుక్రవారం గడప దాటిస్తుందా? కవరు అంటించే ముందు అట్టల కట్ట తీసి దాచింది. కవరు బోసిగా పోకూడదని అక్షింతలు పోసింది. "నకలు ఉండాది గదా లోపల. అసలుది కావాలంటే ఆళ్ళే అడుగుతారు, అడిగితే ఇద్దామనుకుంటినే," అని ఏడ్చిందట. "నువ్వూ అడగలేదు గదే, నేనేమి చేస్తే ఏమని!"

ఎట్లా అడుగుతుంది? మడిలో ఉన్న తల్లి ఏం చేసిందో గడప దాటి చూసే అలవాటు ఆ బిడ్డకు పుట్టినప్పటి నుంచి లేదే! ఎవర్ని తిట్టాలి? ఆ ముసలమ్మను తిట్టడానికి నాకు నోరు రాలేదు. వేదవల్లి కూడా ఒక్క మాట అనలేదట. అనుంటే బాగుండేది. ఆ తల్లి కూతురి ముఖం చూడలేక, గోడవైపు తిరిగి తినడం అలవాటు చేసుకుంది.

ప్రిన్సిపాల్ హైదరాబాదుకు రెండు ఉత్తరాలు రాశాడు. సర్టిఫికెట్టు వేరే కవరులో పంపాడు. గడువు దాటింది అని అక్కడివాళ్ళు అన్నారు. వేదవల్లి స్వయంగా హైదరాబాదు పోయి రెండు రోజులు ఆ ఆఫీసు వరండాలో కూర్చుంది. కాగితాలు తీసుకునే గుమస్తా నా పని తీసుకోవడమే అన్నాడు, నంబరు వేసేవాడు నా పని నంబరే అన్నాడు, ఫైలు పైకి పంపేవాడు పైకి పంపానన్నాడు. జనవరి వచ్చింది, నలభై నిండాయి. ఏప్రిల్‌లో తీసేసే కాగితం పోయింది. జూన్‌లో రమ్మనే కాగితం రాలేదు. ఆ పోస్టులో గుంటూరు నుంచి ఒక పర్మనెంటు మనిషి వచ్చాడు. సాయంత్రం క్లాసు ఆగిపోయింది. చౌడేశ్వరి చదువు మానేసి నగరి పోయిందని, అక్కడ పవర్‌లూమ్ షెడ్డులో దారాలు ముడివేస్తూ ఉందని విన్నాను. వేదవల్లి స్టేషను దగ్గర ఒక సత్రంలో గదుల చీటీలు రాసే పనికి కుదిరింది. పేరు, ఊరు, ఎంతమంది. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా.

ఇదంతా తిరుపతిలో చాలామందికి తెలుసు. తెలియనిది ఒక్కటే ఉంది.

ఏప్రిల్‌లో ఆఖరి రోజు, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేసి, బాకీలేవీ లేవనే నో డ్యూస్ కాగితం మీద నా సంతకం కోసం కిటికీ దగ్గరికి వచ్చింది. సంతకం పెట్టి ఇచ్చాను. పోలేదు. 

"ఒకటి అడగాల్నండీ మిమ్మల్ని," అంది. "ఆ శుక్రవారం కవరు మీ చేతికిచ్చినప్పుడు, మీకేమన్నా తేడాగా అనిపించిందా?"

 నాలుగు నెలలు నాకు నేను సర్దిచెప్పుకున్న మాట ఒక్కటే, ఆమె అడిగి ఉంటే చెప్పేవాడిని కదా అని. ఇదిగో, అడిగింది. నా ముందు నిలబడి, తెలుగులో, అర్థమయ్యేటట్టు అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. "అంతేలెండి. మీరెందుకు చూస్తారు," అంది. నన్ను సమాధానపరుస్తున్నట్టు కొంచెం నవ్వి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.