కూర్చోలేని జంతువు

ఆఫీసులో ఆమెను అందరూ ఎముకలమ్మ అనేవారు. బొమ్మల కంపెనీ కోసం లోకంలో లేని జంతువులను పుట్టించడం ఆమె పని. లేని జంతువైనా సరే, ముందు అస్థిపంజరం గీసేది. ఏం తింటుంది, ఎటు ఒరిగి పడుకుంటుంది, మోకాలు ఎటు మడుస్తుంది, ఇవన్నీ తేలాకే తోలూ రంగులూ. ఊహకు హద్దుల్లేవని ఉపన్యాసాలిచ్చేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. హద్దుల సంగతి తర్వాత, ముందు మోకాళ్ళుండాలి.

చీఫ్ ఆర్టిస్టుకు మోకాళ్ళతో పనిలేదు. ఆమె బల్ల మీది రంగుల బొమ్మ పట్టుకెళ్ళి తన సంతకం పెట్టుకునేవాడు. పోయినేడు ఆమె గీసిన నీలిచెవుల జంతువు అలాగే పోయింది. దుకాణాల్లో ప్రతి పెట్టె మీదా అతని పేరే. అడిగితే, "మనమంతా ఒకే కుటుంబం కదమ్మా" అన్నాడు.

"గీసింది నువ్వేనని వాడు చచ్చినా చెప్పడు," అంది అక్క ఆ రాత్రి ఇంట్లో, బట్టలు మడతపెడుతూ.

"వాడి నోటితోనే చెప్పిస్తాను."

"ఎలాగే?"

"ఒక జంతువును తయారుచేస్తున్నా."

"కోపానికి కూడా ముందు ఎముకలు గీసేదానివి నువ్వొక్కదానివే."

ఈసారి కంపెనీ యజమానురాలు అడిగింది, పిల్లల దిండు పక్కన కూర్చునే జంతువు. ఎముకలమ్మ మూడు వారాలు గీసింది. రాగిరంగు జూలు, తడి కళ్ళు, నడుము చుట్టూ మోకాళ్ళ దాకా గట్టి పెంకుల పావడా. కళ్ళు తిప్పుకోలేనంత అందం. అస్థిపంజరాన్ని సంచిలో దాచి, రంగుల బొమ్మను బల్ల మీద వదిలి టీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.

వారం తర్వాత మీటింగులో చీఫ్ ఆర్టిస్టు లేచి నిలబడి తన సృష్టి గురించి చాలాసేపు మాట్లాడాడు. మట్టి నమూనాలు చేసే ముసలాయన ఓపిగ్గా విని, విరిగిన రెండు మట్టి కాళ్ళు బల్ల మీద పెట్టాడు.

"కూర్చోబెట్టబోతే పెంకులు అడ్డొచ్చి విరిగాయండీ. ఎలా కూర్చుంటుందో కాస్త గీసిస్తారా?"

"ఇది కూర్చునే రకం కాదు."

"పడుకుంటుందా?"

"పడుకోదు."

"పాపం, పుట్టిన దగ్గర్నుంచీ నిలబడే ఉందన్నమాట."

యజమానురాలు నవ్వలేదు. "నేనడిగిందే కూర్చునే జంతువు కదా?"

అతను నుదురు తుడుచుకున్నాడు. "నిజానికి మేడమ్... దీన్ని గీసింది ఆవిడ."

"నేనే," అంది ఎముకలమ్మ. సంచిలోంచి కాగితాలు తీసింది. మొదటిది ఈ జంతువు అస్థిపంజరం, దాని మీద ఆమె రాత: ఇది కూర్చోలేదు. రెండోది కూర్చోగలిగే జంతువు, ఎముకలతో సహా. మూడోది నీలిచెవుల దాని అస్థిపంజరం. దాన్ని బోర్లించి, పెన్సిల్ అతని ముందుకు జరిపింది.

"దీనికి పక్కటెముకలు ఎన్నో మీరు చెప్పండి సార్."

అతను పెన్సిల్ ముట్టుకోలేదు. యజమానురాలు బోర్లించిన కాగితాన్ని తిప్పి చూసి, పెట్టెల మీద పేరు మార్చమని గుమాస్తాకు చెప్పింది. ఆ తర్వాత గంటసేపు కూర్చోగలిగే జంతువు గురించే మాట్లాడుకున్నారు. అతను నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.