తువ్వాలు వాసన చూసే టీచరు

మానవజాతి చేతులు తుడుచుకోవడం ఎప్పుడు మొదలుపెట్టిందో చరిత్ర తేల్చలేదు గానీ, తుడుచుకునే ముందు తువ్వాలును ముక్కు దగ్గర పెట్టుకుని పరీక్షించే సంప్రదాయానికి ఆద్యురాలెవరో మాత్రం ఢంకా బజాయించి చెప్పవచ్చు. ఆవిడ, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకూ పెద్దలకూ రోజువారీ పనులు నేర్పే కేంద్రంలో టీచరు. ఆరేళ్ళప్పుడు మేనత్త ఇంట్లో మొహం కడుక్కుని, కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలులో మొహం దాచుకున్న క్షణాన ఆ శకం ఆరంభమైంది. అంతకు ముందే మామయ్య దాంతో ఏం తుడుచుకున్నాడో రాయడం మర్యాద కాదు. అప్పటినుంచి ఆవిడ ఏ తువ్వాలునూ నమ్మలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు చేతికిచ్చిన తువ్వాలును కూడా వాసన చూసింది. ఆ ముచ్చటను అత్తగారు ఇరవై రెండేళ్ళుగా చుట్టాలందరికీ వడ్డిస్తూనే ఉంది.

అంతటి ముక్కున్న మనిషికి దొరికిన ఉద్యోగం, ముక్కు చీదడం, పళ్ళు తోముకోవడం, చేతులు కడుక్కోవడం నేర్పడం. కేంద్రంలోని సింకు అంచున పాకుడు, కన్నంలో నానిన టీపొడి. సబ్బుకు అంటుకున్న వెంట్రుక సోమవారం ఎక్కడుందో శుక్రవారమూ అక్కడే. ఇక తువ్వాలు. దాంతో ఆయా బల్లలు తుడిచేది, వ్యాను డ్రైవరు మెడ తుడుచుకునేవాడు, అందరూ పెద్దసారు అనే కేంద్రం యజమాని భోజనం డబ్బా తుడుచుకునేవారు. అది ఏనాడూ పూర్తిగా ఆరిన పాపాన పోలేదు.

చేతులు కడుక్కోవడం మనకు ఒక పని. ఆవిడ వృత్తిలో అది పన్నెండు మెట్లు. కుళాయి తిప్పడం ఒకటి, తడపడం ఒకటి, సబ్బు అందుకోవడం ఒకటి, అలా తుడుచుకోవడం దాకా. ఒక్కో మెట్టుకూ కాగితం మీద ఒక గడి. సాయం లేకుండా చేస్తే టిక్కు. నేర్పడం మాత్రం చివరినుంచి మొదలుపెడతారు. పదకొండు మెట్లు టీచరే చేయి పట్టి చేయించి, పన్నెండోది వదిలేసి, అది అవగానే శభాష్ అంటుంది. అది వచ్చాక పదకొండోదీ వదులుతుంది, ఆపైన పదోది. పని పూర్తిచేసిన ఆనందం మొదటిరోజునుంచీ నేర్చుకునేవాళ్ళకే దక్కాలని ఈ కిటుకు. కిటుకులో లోపం లేదు.

అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయికి అలాగే అయిదు నెలలు నేర్పింది. పిచ్చుకకు వచ్చిన మాటలు పదో పదిహేనో. వచ్చే నెలకు ఇరవై అయిదు నిండుతాయి, నిండినవాళ్ళను కేంద్రంలో ఉంచుకోరు. తల్లి బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. పిల్లకు దారి దొరక్కపోతే, లోపల కూతుర్ని పెట్టి బయట తాళం వేసి పనికి పోవాలి. బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్ళు ప్యాకింగులోకి తీసుకుంటామన్నారు. ఒకటే షరతు, చేతులు తనంతట తాను కడుక్కోవాలి. సూపర్‌వైజరమ్మ వచ్చి కళ్ళారా చూస్తుంది.

పరీక్షకు పదిరోజుల ముందు టీచరు మొదటిసారి దూరంగా, గుమ్మంలో నిలబడి చూసింది. పదకొండు మెట్లూ వరసగా నడిచాయి. పన్నెండో దాని దగ్గర పిచ్చుక తువ్వాలును ముక్కుకు ఆనించి, ఎడమ కనుబొమ్మ ఎగరేసి, మూతి వంకర తిప్పి, "ఛీ" అంది. తర్వాత ఒక మూల పట్టుకుని శుభ్రంగా తుడుచుకుని, శభాష్ కోసం చూసింది.

ఆ కనుబొమ్మ ఎవరిదో టీచరుకు వెంటనే తెలిసింది. అద్దంలో కూడా ఆవిడ తనను అంత స్పష్టంగా చూసుకోలేదు. తువ్వాలు అందించే ముందు రోజూ తాను వాసన చూసే ఆ గడి లేని మెట్టును, అన్నిటికంటే ఎక్కువసార్లు, తానే నేర్పింది.

మర్నాడు ఇంటినుంచి ఉతికి ఎండలో ఆరేసిన కొత్త తువ్వాలు తెచ్చింది. పిచ్చుక వాసన చూసి, కాస్త గట్టిగానే ఛీ అంది. ఆ పిల్ల దృష్టిలో ఆ ఛీకీ వాసనకూ సంబంధమే లేదు, కుళాయి తిప్పడం ఎలాగో ఇదీ అలాగే. తువ్వాలు తీసేసి కాగితం పెడితే కాగితాన్నీ వాసన చూసింది. ఆ సమయానికి టీచరు గట్టిగా దగ్గితే ఛీ వినపడదని పెద్దసారు సలహా ఇచ్చారు. సంగతి తల్లికీ చెప్పాల్సి వచ్చింది.

"పని నేర్పండి టీచరమ్మా అంటే మీ ముక్కు కూడా తీసిచ్చేశారు," అంది తల్లి.

పరీక్షరోజు గుమ్మంలో తల్లి సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న సూపర్‌వైజరమ్మ సింకు పక్కన నిలబడింది. పదకొండు మెట్లూ వెన్నలో కత్తి దిగినట్టు సాగాయి. పిచ్చుక కొత్త తువ్వాలు అందుకుంది. కనుబొమ్మ లేచింది. టీచరుకు దగ్గు రాలేదు. ఛీ అయిపోయాక పెద్దసారు ఒక్కరే దగ్గారు.

సూపర్‌వైజరమ్మ తువ్వాలు తీసుకుని తానూ వాసన చూసింది.

"బాగానే ఉందిగా తల్లీ, ఛీ ఎందుకు?"

పిచ్చుక టీచరు వైపు చూసింది. పెద్దసారు గొంతు సవరించుకుని, ఈ పిల్లలకు ఒక్కోసారి అంతేనని, అది జబ్బులో భాగమని మొదలుపెట్టారు.

"జబ్బు కాదండీ," అంది టీచరు. "అది నా అలవాటు. ఇక్కడ రోజూ వేలాడే తువ్వాలు వేరే ఉంది. దాన్ని పట్టుకుని ఛీ అనకుండా ఉండటం నా వల్ల కాలేదు. నన్ను చూసి నేర్చుకుంది. ఆ పన్నెండు మెట్లు మాత్రం తనవే."

పెద్దసారు ఆవిడ వైపు చూసిన చూపుకు పాత తువ్వాలే నయం. సూపర్‌వైజరమ్మ ఆ వేరేదాన్ని తెమ్మంది. ఆయా తలుపు వెనకనుంచి రెండు వేళ్ళతో పట్టుకొచ్చింది. సూపర్‌వైజరమ్మ వంగి, ముక్కు దగ్గరికి చేర్చకుండానే వెనక్కి జరిగింది.

"మా దగ్గర శుభ్రతే ముఖ్యమండీ," అంది కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద సంతకం చేస్తూ. "సోమవారం పంపండి."

తల్లి వేలినుంచి సంచి పట్టీ విప్పుకుంది.

సోమవారం టీచరు పన్నెండు గడుల కాగితం మడిచి పట్టుకుని, కొత్తచోట మెట్లు అలవాటు చేయడానికి పిచ్చుక వెంట ఫ్యాక్టరీకి వెళ్ళింది. ప్యాకింగు గదిలో సింకు లేదు. గుమ్మం పక్కన అట్టపెట్టెలో గ్లౌజులున్నాయి, ముందు షిఫ్టువాళ్ళు విప్పి పడేసినవి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అవే తొడుక్కుంటున్నారు.