బావిలోకి దించిన గిన్నె

చాలా ఏళ్లుగా మోస్తున్న బరువొకటి మీ ముందు దించుతున్నాను. మూఢాచారాల మీద నేను రాసినవి మీరు చదివే ఉంటారు. నా ధైర్యాన్ని ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా నాకు మా అక్క ముఖం కనిపించేది.

ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులవి. అక్కడ ఒక దొర దగ్గర కొన్నాళ్లు దుబాసీగా ఉన్నాను. భోజనానికి ముందు ఆయన బల్ల మీద చల్లటి రొయ్యలు పెట్టేవారు. బ్రాహ్మణ పుట్టుక పుట్టి తిన్నాను. ఏమీ కాలేదు. అమలాపురం తిరిగొచ్చాక, తినే వస్తువులో పాపం ఉండదని సభల్లో గొంతు చించుకున్నాను. మరి ఇంట్లో? ఇంట్లో దొంగచాటుగా వండుకున్నాను.

ఆ రోజు ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లారు. రాతపని ఉందని వంక పెట్టి నేను ఆగిపోయాను. చిన్నతనంలోనే భర్త పోయిన అక్కను శుభకార్యానికి ఎవరు పిలుస్తారు? ఆమె వీధి గదిలో జపం చేసుకుంటోంది. నేను పెరట్లో రొయ్యలు ఉప్పు, పసుపు వేసి ఉడికించి, పొట్టు తీసి, నిమ్మరసం, నూరిన ఆవాలు, పచ్చిమామిడి కోరు కలిపాను. చల్లబడాలిగా. గిన్నెకు గుడ్డ కట్టి, తాడుతో బావిలోకి దించాను, నీటికి జానెడు పైన ఆగేలా. ఆ నీళ్లతోనే ఇంట్లో మడివంట జరుగుతుందన్న ఆలోచనే రాలేదు. మడిని అంతగా వెక్కిరించినవాడికి మడి ఎక్కడ మొదలవుతుందో గుర్తులేకపోయింది.

పెళ్లికి వెళ్లినవాళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. కాళ్లు కడుక్కుందామని పెదనాన్నగారు చేద వేశారు. అది తగిలి గుడ్డ ఊడి గిన్నె ఒరిగింది. నీళ్ల మీద ఎర్రటి రొయ్యలు.

పెదనాన్నగారు అక్కవైపే తిరిగారు.

“ఏవమ్మా, నాలుక కట్టుకోలేకపోయేవా?”

“నేను కాదండీ, పెదనాన్నగారూ.”

“మరి గిన్నె దానంతటదే దిగిందా?” అని నన్ను చూశారు. “ఏరా, సభల్లో నోరు తెగ లేస్తుందిగా! చెప్పు. నీకేవైనా తెలుసా?”

“తెలీదండీ,” అన్నాను.

అక్క నా చేతులకేసి చూసింది. గోళ్లు పసుపంటి పచ్చగా ఉన్నాయి. పెదనాన్నగారివైపు తిరిగి, “ఆయ్, నేనే అనుకోండి,” అంది.

పెదనాన్నగారికి నా మీద అనుమానం లేదా? ఉండే ఉంటుంది. మగవాణ్ణి వెలివేస్తే ఇల్లంతా వెలిపడుతుంది, విధవను వెలివేస్తే ఇల్లు నిలుస్తుంది. ఆ సంగతి ఆయనకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. అందుకే నోరు మెదపలేదు. భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయం ఒక్కటే కాదు, ఆ ఏర్పాటు నాకు అనుకూలంగా ఉంది.

అక్కను వంటింట్లోకి రానివ్వలేదు. పశువుల సావిట్లో విస్తరి వేశారు. తర్వాత రామచంద్రపురం వైపు దూరపు చుట్టాలింటికి పంపేశారు. ఒకసారి చూడబోయాను. చెంబుతో నీళ్లు తెచ్చి, నాకు అందివ్వకుండా దూరంగా కిందపెట్టింది. తన చేయి తగిలితే నాకు మైల అంటుకుంటుందని! నేనా చెంబు తీసుకుని తాగాను. తిరిగి అక్కడే పెట్టి వచ్చేశాను. వితంతువుల దుస్థితి మీద పేరుపొందిన నా వ్యాసం ఆ ఏడాదే రాశాను.

అక్క ఆ ఇంట్లోనే పోయింది. ఆమె నోరు కట్టుకోలేదన్న మాట మా బంధువుల్లో ఇంకా ఉంది. నన్ను క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. రొయ్యలు వండింది నేను. గిన్నె దించింది నేను. ఆమె రుచైనా చూడలేదు. ఇంత చిన్న మాట ఇవాళ కాగితం మీద పడింది. ఊపిరి ఆడుతోంది.