దేవేంద్రప్ప దుర్భిణి, కృపమణి ఫోటో

మా మైదుకూరు ఫోటోగ్రాఫరు దేవేంద్రప్పకు ఏదైనా వంకరగా కనబడితే చెయ్యి ఆగదు. నా బట్టల కొట్టుకు వస్తే ముందు గోడమీది పటం సర్దుతాడు, తర్వాత నా తలపాగా. ఒక పెళ్లిలో వరుడి బాసికం సర్దుతూ ముహూర్తమే దాటించబోయాడు.

అలాంటివాడు పంతొమ్మిదివందల యాభై ఆరులో సొంతంగా దుర్భిణి చేసి, మిద్దెమీద నక్షత్రాలకు ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. మొదటి ప్లేటులో ఒక పక్క చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా, రెండో పక్కవి చింతపిక్కల్లా సాగి వచ్చాయి. బాగున్న సగమే చాల్లే అన్నాను.

"సగం పంచె ఇస్తే కట్టుకుంటావా అప్పా?" అన్నాడు.

దుర్భిణి అద్దం సర్దాడు, బల్ల సర్దాడు. భార్య నాగలక్ష్మమ్మ అన్నం చల్లారిపోతోందని కేకేస్తే, ఆవిడ పెట్టిన విస్తరి కూడా సర్దాడట. చివరికి ప్లేటు అమర్చే గొట్టాన్ని సగం చుట్టు తిప్పి ఫోటో తీశాడు. మునుపు గుండ్రంగా వచ్చిన చుక్కలు ఇప్పుడు సాగాయి, సాగినవి బాగుపడ్డాయి; గొట్టంతోపాటే తప్పూ తిరిగింది. అంటే తప్పు ఆకాశానిది కాదు, అద్దానిదీ కాదు. గొట్టంలో ప్లేటు కూర్చున్న చోటే వాలుగా ఉంది. అట్టముక్క మడిచి కింద దోపాడు. చుక్కలన్నీ గుండ్రబడ్డాయి.

ఆ వారంలోనే రాహేలమ్మ తన కూతురు కృపమణిని స్టూడియోకు తీసుకొచ్చింది. పిల్లకు బద్వేలులో టీచరు ఉద్యోగమైంది, పోయేముందు ఒక ఫోటో కావాలంది. చిన్నప్పటి జబ్బుతో కృపమణి మూతి ఒక పక్కకు లాగి ఉంటుంది. అంతవరకు కెమెరా ముందు కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అక్కడే ఉన్న నేను ఆయన చేతినే చూస్తున్నాను. ఈయన చెయ్యి ఆ పిల్ల గడ్డం మీదికి పోతుందేమోనని.

పోలేదు. "ఈ కెమెరానే వాలుండాదమ్మా, రవ్వంత ఓర్చుకో" అంటూ దాని కాళ్లు సర్దాడు. లెన్సు ఊడదీసి తుడిచాడు. నల్లగుడ్డలో దూరి, దారి తెలీక వెనకనుంచి బయటికొచ్చాడు.

"ఏమన్నా, కెమెరాకు జరమొచ్చిండాదా?" అంటూ కృపమణి పక్కున నవ్వింది. కొంగు జారింది. ఆయన ఫోటో తీసేశాడు.

వాళ్లు వెళ్లాక కెమెరాకు ఏమైందని అడిగాను.

"ఏమీ కాలేదప్పా. తప్పు నాదంటే ఎదుటోళ్లు నిమ్మళంగా కూర్చుంటారు."

మర్నాడు రాహేలమ్మ ఫోటోను శానాసేపు చూసింది. తన కూతురు ఇంత బాగా నవ్వుతుందని మరిచిపోయానంది. కృపమణి తల్లి చెయ్యి పట్టుకుని, "మనిద్దరం కలిసి ఇంకోటి తీయించుకుందాం మా" అంది.

దేవేంద్రప్ప అప్పటికే రెండో కుర్చీ తెస్తున్నాడు.