పట్టిందని అరవాలి

మా తోడికోడలిని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పానా అక్క అంటారు. మొదట్లో వెక్కిరింతకే అన్నారు, ఇప్పుడు అవసరం కొద్దీ అంటున్నారు. చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బోరింగు మరమ్మతు నేర్పుతుంది. మొదటి రోజు పనిముట్ల పెట్టె తెరవదు. అందరినీ వరసగా నిలబెట్టి గొంతెత్తి అరిపిస్తుంది. వాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ అరుపులు ఎందుకో నాకు తెలుసు. తప్పు చేసింది నేనే గనుక.

ఒకే ఇంట్లో ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. మా వీధి చివర ఒక బోరింగు ఉంది. ముప్పై ఇళ్లకు అదొక్కటే దిక్కు. అది పాడైతే పట్నం నుంచి పంపు మేస్త్రి రావాలి. ఆయన వస్తానన్న రోజుకీ వచ్చిన రోజుకీ మధ్య మేము పొలాల అవతలి బావికి తిరిగి తిరిగి అరికాళ్లు అరగదీసుకునేవాళ్లం. మోసేది ఆడవాళ్లు గనుక మగవాళ్లకు తొందర ఉండేది కాదు. ఈ మాట ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పట్లో అనుకోవడానికి కూడా జంకేదాన్ని.

గ్రామీణాభివృద్ధి ఆఫీసు వాళ్లు వచ్చి, ఆడవాళ్లకు ఈ పని నేర్పుతాం, ఎవరొస్తారని అడిగితే మొదట లేచింది అక్క. ఆమె వెనక మేం ఆరుగురం లేచాం. పది రోజులు నేర్చుకుని ఇనుప పెట్టెతో ఇంటికొచ్చాం. బావగారు పెట్టె వంక చూసి, "పానా పట్టిన చేతిలో ఇంక గరిటె నిలుస్తుందా?" అన్నారు.

"నిలవకపోతే మీరు పట్టుకోండి. మీ చేయి ఖాళీగానే ఉందిగా," అంది అక్క.

నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

అసలు పరీక్ష ఆ వేసవిలో వచ్చింది. మా బోరింగు లోపలి వాషర్లు అరిగిపోయి చుక్క నీరు రాలేదు. అవి మార్చాలంటే భూమిలోకి దిగిన పన్నెండు పైపులూ పైకి తీయాలి. నీళ్లతో కలిపి ముగ్గురు మగాళ్ల బరువుంటాయి. జారాయంటే పాతాళానికే, ఆ బోరు మళ్లీ పనికిరాదు. ఆఫీసాయన ముందే చెప్పాడు: "లోపల పడ్డాయంటే పెట్టె తిరిగి ఇచ్చెయ్యాలమ్మా. మళ్లీ మేస్త్రికే అప్పజెబుతాం." అంటే వీధికి నీళ్లూ పోతాయి, మాకు పనీ పోతుంది.

పద్ధతి ఏమిటంటే, ఆరుగురు కడ్డీలతో పైపును ఎత్తుతారు. కింద కూర్చున్న ఏడో మనిషి, పైపు జారకుండా పట్టి ఉంచే క్లాంపు బిగించి "పట్టింది!" అని అరవాలి. ఆ కేక చెవిన పడ్డాకే ఆరుగురూ వదలాలి. అప్పుడు పై పైపు మర విప్పి పక్కన పెడతారు. అరిచే పని నాది. శిక్షణలో నా గొంతు బాగానే లేచింది. అక్కడ మా మామగారు లేరు.

ఆ రోజు ఉన్నారు. ఇంట్లోంచి కుర్చీ తెప్పించుకుని బోరింగుకు రెండు బారల దూరంలో కూర్చున్నారు. పక్కన పంపు మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధి వీధంతా చోద్యం చూడ్డానికి చేరింది. మామగారి ఎదుట కోడళ్లు గొంతు పెంచని ఇల్లు మాది. అక్క కూడా ఎంత గడుసుదైనా ఆయన ముందు మాట తగ్గించేది. పన్నెండేళ్లలో ఆయన నా నోట విన్నది "నీళ్లు తెమ్మంటారా" అన్నంత మేరకే. నోట్లో నాలుక లేని పిల్ల అని నన్ను పదిమందిలో మెచ్చుకునేవారు.

మొదటి పైపు లేచింది. క్లాంపు బిగించి నోరు తెరిచాను. కేక రాలేదు. తల ఊపాను. ఆరుగురికీ అర్థమైంది, వాళ్లూ కోడళ్లే కదా. రెండో పైపుకూ తల ఊపుడే. అక్క నా వైపు గుర్రుగా చూసింది.

మూడో పైపు ఎత్తారు. క్లాంపు పళ్ల మధ్య తుప్పు ముక్క ఇరుక్కుంది, పట్టు దొరకలేదు. సరిగ్గా చూద్దామని తల కిందికి వంచాను.

తల ఊపాననుకుని ఆరుగురూ వదిలేశారు.

పైపు కిర్రుమంటూ జారింది. జానెడు. మరో జానెడు. అక్క కడ్డీ విసిరేసి క్లాంపు పిడి మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడింది. పైపు ఆగింది. కేవలం ఆమె బరువు మీద ఆగింది.

"నేను చెప్పలా? ఆడాళ్ల చేతికిస్తే ఇంతే," అన్నాడు మేస్త్రి.

అక్క అతని వంక చూడలేదు. "నీ మర్యాద నీళ్లు తోడిపెడుతుందటే? నోరు తెరువు!" అని నా మీద అరిచింది. తల తిప్పి అదే గొంతుతో, "మామయ్యా! మీరుంటే ఇది అరవదు. లేచి వెళ్లండి, లేదంటే మీరే వచ్చి అరవండి!" అంది.

మామగారి మొహం కందిపోయింది. ఆయన లేస్తారని ఎదురుచూశాను. సిగ్గు విడిచి చెబుతున్నా, కళ్ల ముందు బోరు పోతున్నా ఆయన లేవాలనే ఎదురుచూశాను. ఆయన లేవలేదు. అక్క కాళ్ల కింద పిడి ఇంకాస్త కదిలింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా, ఆ పన్నెండేళ్ల మీదా.

"ఎత్తండి!" అని అరిచాను.

ఐదుగురే పళ్లు బిగించి ఎత్తారు. అక్క దిగింది. తుప్పు ముక్కను గోటితో పీకేశాను. గోరు సగం లేచిపోయింది. క్లాంపు బిగించి, గుంజి చూసి, "పట్టింది!" అన్నాను. ఆ కేక పక్క వీధికి కూడా వినిపించిందట.

అలా పన్నెండో పైపు దాకా, వాషర్లు మార్చి మళ్లీ దింపేటప్పుడూ ఒక్కో పైపుకూ అరుస్తూనే ఉన్నాను. సాయంత్రానికి బోరింగులోంచి నీళ్లు దూకాయి. మేస్త్రి ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు. మామగారు మాత్రం చివరిదాకా కూర్చునే ఉన్నారు.

ఇంటికొచ్చాక ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చాను. ఆయన చెంబు అందుకుని నా వైపు చూశారు.

"ఇంత గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా?"

అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. వంటింట్లోంచి అక్క అంది.

"మీ ఇంట్లోనే మామయ్యా."